వచ్చే శుక్రవారం బండి

అరకు సంతబజారులో గుడ్డల కొట్టు వరహాలరావుకి ఒకే ఒక్క లోపం ఉంది. బిగించినదాన్ని విప్పకుండా ఉండలేడు. యుద్ధం నాటి మిలిటరీ మోటారు సైకిలొకటి విశాఖపట్నంలో పాత ఇనుము వాళ్ళ దగ్గర కొని, ముక్కలుగా గోనెసంచుల్లో కొండెక్కించి ఆరేళ్ళయింది. "ఎప్పుడు తిరుగుతుందండీ?" అని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబు. "వచ్చే శుక్రవారం సంతకి!"

ఏ శుక్రవారమో మాత్రం ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఊళ్ళో బాకీ తీర్చమని అడిగినవాళ్ళకి "వరహాలరావు శుక్రవారం నాడు తీర్చేస్తాను" అని చెప్పడం అలవాటైపోయింది. విన్నవాళ్ళు కూడా నవ్వుకుని వెళ్ళిపోయేవారు.

ఇంతకీ ఆ బండికి జరిగిన వైభోగం మహారాజులకి కూడా జరగలేదు. టాంకు మీద పట్టుచీర అంచులాగా మామిడి పిందెలు వేయించాడు. సీటుకి కొట్లో ఉన్న ఎర్ర మఖమలు గుడ్డ కుట్టించాడు. లారీ హారను పెట్టించాడు. అది మోగితే కొండ మీది కుక్కలు కూడా జవాబు చెప్పేవి. కదలని బండికి ఎవరు అడ్డొస్తారని హారనో ఆయనకే తెలియాలి.

ఆయన భార్య గంగాభవానిది సాలూరు. ఇంట్లో ఏది ఎక్కడుందో ఆవిడకి తెలియడం మానేసి చాలాకాలమైంది. ఒకరోజు మిరియాలనుకుని గ్రీజు పట్టిన బేరింగు గుళ్ళు చారులో వేసేసింది. వరహాలరావు రెండు ముద్దలు తిని, నోట్లోంచి ఒక్కొక్కటే తీసి, కంచం పక్కన పేర్చుకుని, "హమ్మయ్య! వారం నుంచి వీటికోసమే వెతుకుతున్నాను" అని ఆనందపడిపోయాడు. చారు బాగుందని కూడా అన్నాడు.

"మా అక్క మొగుడు కొత్త స్కూటరు మీద పాచిపెంట నుంచి సాలూరుకి రోజూ ఎల్లొచ్చేత్తన్నాడు. మీ బండి గుమ్మం దాటిందేటి?" అనేది గంగాభవాని.

"స్కూటరు కూడా ఒక బండేనా? తొందరపడితే పని పాడైపోద్ది."

"ఆరేళ్ళ నుంచి తొందరపడతానే ఉన్నారు, పాపం."

బండి పని చేసేవాడు సోములు. కిరండూలు రైలు లైను వేసే రోజుల్లో కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. లైను అయిపోయింది, కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు, సోములు ఇక్కడే ఉండిపోయాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. వయసు మీద పడి చేతులు వణకడం మొదలయ్యాక మరెవరూ పనికి పిలవలేదు. ఉన్నదల్లా పొగరొక్కటే. పని లేని ఇంట్లో మెతుకు ముట్టనంటాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఒక నట్టు బిగించేవాడు. మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం దాకా ఆ నట్టుకేసే చూసి, రాత్రికి అన్నం గిన్నె పట్టుకెళ్ళేవాడు. మర్నాడు వచ్చేసరికి ఆ నట్టు విప్పి ఉండేది.

"ఇదేటి బాబూ, నిన్ననే బిగించాను కదా!"

"నచ్చలేదయ్యా. ఇంకా బాగా కుదరాలి."

"అలాగే బాబూ. అలాగే బిగిద్దాం."

ఇలా ఇద్దరు మహానుభావులు ఒక నట్టుని సంవత్సరాల తరబడి పోషించారు. గంగాభవాని రెండు పూటలా వండి ఆ ఇద్దరినీ పోషించింది.

ఆ ఏడు వానలు వెలిశాక సాలూరు నుంచి సుబ్బారావు అనే లారీల ఆసామి దిగాడు. పాత బండ్లంటే ప్రాణం పెట్టే మనిషి. మామిడి పిందెల టాంకు చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. వరహాలరావు నోరు తెరిచేలోగా గంగాభవాని ముందుకొచ్చింది.

"శుక్రవారం రండి. స్టార్టయితే బండి మీదే. కాకపోతే మళ్ళీ మా గుమ్మంలో దీని ఊసెత్తకూడదు. మాటంటే మాటే."

"మాటేనమ్మా," అని సుబ్బారావు నవ్వుతూ వెళ్ళాడు. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టిన పిల్ల, మాటిచ్చాక వెనక్కి తీసుకోవడమనేది ఆవిడ ఎరగదు. మొగుడి సంగతి మాత్రం బాగా ఎరుగును. అందుకని అప్పటికప్పుడే ఆయన్ని నిలదీసింది.

"శుక్రవారం దాకా ఆ బండి మీద చెయ్యెయ్యనని నా తలమీద ఒట్టెయ్యండి."

"అంత మాటెందుకే..."

"ఎయ్యండి!"

వేశాడు. మొహం చూస్తే తన తలే తాకట్టు పెట్టినట్టుంది. సోములుని కూడా పిలిచి, ఒట్టు సంగతి చెప్పి, "సోములు మావా, గురువారానికల్లా బండి తయారవ్వాలి. నీ పనితనం మీద నాకు నమ్మకం ఉంది," అంది. ఫిట్టరుని పనితనం అన్నాక ఇంకేం చేస్తాడు? సరేనన్నాడు.

విప్పే చెయ్యి లేకపోయేసరికి ఆరేళ్ళ పని మూడు రోజుల్లో అయిపోయింది. గురువారం మధ్యాహ్నం సోములు ఒక్క తన్ను తన్నాడు. బండి గుడగుడమని అందుకుంది. చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి, శుక్రవారం ఒకరోజు ముందే వచ్చేసిందని ముక్కున వేలేసుకున్నారు. గంగాభవాని పొంగిపోయి, ఆ పూట గుమ్మడికాయ పులుసు పెట్టి విస్తరి వేసింది.

సోములు చేతులు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. చెప్పులేసుకున్నాడు.

"అదేటి మావా, భోజనం?"

"పని అయిపోనాది కదమ్మా. ఇంక నానెందుకు?"

"పనికేటి, తిని ఎల్లు!"

"పని నేని ఇంట్లో తినకూడదు తల్లీ. ఎల్లొస్తాను."

వెళ్ళిపోయాడు. విస్తరి అలాగే ఉంది. గంగాభవాని మొగుడి వైపు తిరిగింది. ఆయన దూలాల వైపు చూస్తున్నాడు.

"ఏటండీ ఇది?"

"ఏటంటే ఏం చెప్పను? బండి ఎప్పుడో నాలుగేళ్ళ కిందటే తయారైపోయిందే. ఆ రోజు కూడా ఇలాగే చెప్పులేసుకున్నాడు. నేను లోపలికెళ్ళి కార్బురేటరు పీకేసి, 'మావా, మళ్ళీ పోయింది' అని కేకేశాను. వెనక్కొచ్చి సుబ్బరంగా తిన్నాడు. అప్పట్నుంచీ పీకుతూనే ఉన్నాను."

"ఆ మాట నాతో సెప్పడానికేటి?"

"నీకు చెపితే నువ్వు జాలిపడి ఇంకో గరిటె వేస్తావు. ఆ ముసలాడు పసిగట్టేస్తాడు. నువ్వు రోజూ విసుక్కుంటూ వడ్డిస్తేనే వాడికి కూలి తిన్నట్టుంటుంది."

ఇన్నేళ్ళ తన విసుగు ఇంత ధర్మకార్యం చేసిందని గంగాభవానికి అప్పుడే తెలిసింది. మొగుడి మీద చచ్చేంత కోపమొచ్చింది. ఆ వెనకాలే, ఈ మనిషిని కట్టుకున్నందుకు గర్వంగా కూడా అనిపించింది. కోపమే పైకి చూపించింది.

"మరి ఇప్పుడు పీకండి!"

"నీ తలమీద ఒట్టేయించావు కదే!"

శుక్రవారం సుబ్బారావు కొత్త పంచె కట్టుకుని, పూలదండ పట్టుకుని వచ్చాడు. సోములుని కూడా పిలిపించారు. ఆ మనిషి దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సుబ్బారావు దండ వేసి, దణ్ణం పెట్టి, తన్నాడు. బండి పలకలేదు. మళ్ళీ తన్నాడు. పంచె ఎగ్గట్టి తన్నాడు. చివరికి కాలు బెణికి, అరుగు మీద కూర్చుని, "ఇది నా జాతకంలో లేదు" అని దండ అక్కడే వదిలేసి బస్సుకి వెళ్ళిపోయాడు.

సోములు వచ్చి ఇంజను పక్కనున్న చిన్న మూత తీసి చూశాడు.

"బాబూ! పాయింట్లు నేవు!"

పాయింట్లు లేకపోతే నిప్పురవ్వ పుట్టదని, నిప్పురవ్వ పుట్టకపోతే బండి పలకదని ఆరేళ్ళుగా ఈ ఇద్దరూ వాదించుకుంటుంటే విని విని గంగాభవానికి కంఠతా వచ్చేసింది. మాటిచ్చింది సుబ్బారావుకి, ఒట్టేసింది మొగుడు, సరేనన్నది సోములు. బండి మీద చెయ్యి వెయ్యనని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే గోరంత ఉన్న ఆ పాయింట్లు ఊడబెరికి కొప్పులో దోపుకుంది.

ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు. బాబు ఒట్టు తప్పేశాడనుకున్నాడు సోములు. 'నేను తియ్యలేదే, అయినా ఒట్టు దీని తలకి తగులుతుందేమో'నని వరహాలరావు బెంగపడ్డాడు. ఇద్దరూ ఒక్కసారే భయంగా గంగాభవాని తలవంక చూశారు.

ఆవిడ చెయ్యి గభాలున కొప్పు మీదికి వెళ్ళింది.

"నా తలకేటి, గుండ్రాయిలా ఉంది! పాయింట్లు కావాలంటే ఇల్లంతా ఎతుక్కోండి, ఎన్నాళ్ళకి దొరుకుతాయో. ముందు బేగి రండి, ఇయ్యాల కూడా పులుసే పెట్టాను, సల్లారిపోతంది," అని కసిరింది.

సోములు ఆ కొప్పుకేసి కాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు.

"సానా పనుందమ్మా," అంటూ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.