ఊపిరి బిగబడితేనే బొమ్మ

ఎనభైల మొదట్లో లాల్‌దర్వాజా దగ్గర ఒక నర్సింగ్‌హోమ్‌లో అల్ట్రాసౌండ్ యంత్రం నడిపేదాన్ని. నూనె రాసిన కడుపు మీద ఆనించే పరికరం మడతల ఇనుప చేతికి బిగించి ఉండేది. అది కదిలిన దారంతా పోగైన ప్రతిధ్వనులు కలిసి ఒక్క బొమ్మ అయ్యేవి. కొద్దిగా కదిపితే మసక. పక్కటెముకల నుంచి నడుము దాకా వెడల్పుగా తిప్పితే అంచులు తేటపడేవి. కానీ అంతసేపూ మనిషి ఊపిరి బిగబట్టాలి. అదే నా ప్రాణం తీసేది.

ఒకనాడు గుడిమల్కాపూర్‌లో పూలమ్మే ఆమె భర్తతో వచ్చింది. తిండి తింటే చాలు, కుడిపక్క నొప్పి. అంతకుముందు వచ్చినప్పుడు, జనం ఎక్కువున్నారు త్వరగా కానిమ్మని డాక్టరు తొందరపెట్టారు. కొద్దిమేర తిప్పిన ఆ బొమ్మలో ఏమీ తేలలేదు. దాంతో అత్తగారింట్లో ఆమెవి నాటకాలన్నారు.

ఈసారి వెడల్పుగా తీస్తానని పట్టుబట్టాను.

"ఊపిరి బిగబట్టమ్మా, కదలకు."

"అట్లనే అక్కా. గని గీ నూనె మస్తు సల్లగున్నది!" అని పగలబడి నవ్వింది. కడుపు కదిలేసరికి తెర మీద ఒక మనిషికి రెండు కాలేయాలు. ఆ బొమ్మ చెరిపి మళ్లీ మొదలుపెట్టాను. సగంలో ఉండగా బల్లకు అడ్డంగా కట్టిన గుడ్డ అవతలి నుంచి భర్త అరిచాడు.

"అయిందా? ఆడ బేరం పోతున్నది!"

"జర ఆగరాదు!" అని ఈమె జవాబు. ఆ బొమ్మా పోయింది.

నాకు ఒళ్లు మండింది. "నొప్పి నీకా, నాకా?" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "నాకే అక్కా. ఎవ్వరు నమ్ముతలేరు."

నా కోపం భర్త మీదకు మళ్లింది. బయటికెళ్లి కూర్చోమని గట్టిగా చెప్పి తలుపేశాను. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది. ఒక్క ఊపున నడుము దాకా తిప్పాను. పిత్తాశయం అంచు పెన్సిల్‌తో గీసినట్టు వచ్చింది. లోపల తెల్లగా మెరుస్తూ రాయి.

డాక్టరు వచ్చి చూసి, "ఇది మొన్ననే ఎందుకు చూపించలేదమ్మా?" అన్నారు నాతో. పళ్లు కొరుక్కున్నాను.

భర్త లోపలికొచ్చి తెరకేసి వంగాడు. "ఏంది గిది? మబ్బు లెక్కున్నది."

"రాయి!" అంది ఆమె బల్ల మీది నుంచే. "ఇంటికి వొయ్యి మీ అమ్మకు చెప్పు!"

ఆపరేషన్‌లో రాయి బయటపడింది. కుట్లు మానాక ఆమె వచ్చి, కడుపునిండా తింటున్నానని చెప్పింది. ఆ సంతోషం నాకు ఎక్కువసేపు నిలవలేదు. అందరికీ వెడల్పుగానే తిప్పాలని, అదేదో తనకే తోచినట్టు, డాక్టరు హుకుం జారీ చేశారు. ఆలస్యమవుతోందని వరండాలో జనం లొల్లి చేస్తే మాత్రం, "ఆమెనే అడగండి" అని నన్ను చూపించేవారు.