కిర్రు చెప్పులు

మొన్న మా మనవడు పెళ్ళికని ఒంగోలులో కిర్రు చెప్పులు కొన్నాడు. "ఫ్యాషన్ తాతా!" అంటూ కిర్రుకిర్రుమని ఇల్లంతా నడిచాడు. ఫ్యాషనట! కరువులో మమ్మల్ని పలకరించిన నాథుడు లేడు గానీ, ఇప్పుడు మా చెప్పులు ఫ్యాషన్!

నా చిన్నప్పుడు కనిగిరి మెట్టలో గొర్రెలు కాసేవాళ్ళం. ఆ కరువు ఏడు గడ్డిపరక మొలవలేదు. నాన్న మందంతా మాంసం బేరగాడికి అమ్మేశాడు. అతను ఎంత అదిలించినా ఒక్క గొర్రె కదల్లేదు. మమ్మల్ని వదిలిపోలేకే అనుకుని నేను గంతులేశాను.

"ఏందయ్యా, వీటికి కాళ్ళు పడిపోయినయ్యా?" అన్నాడు బేరగాడు.

"కర్రకి కదలవు బాబూ. ఈ చప్పుడు వెంటే నడుస్తాయి" అన్నాడు నాన్న, తన కాళ్ళకేసి చూపించి. తిరునాళ్ళకి ఆముదం రాసి మెరిపించినా, మంద వెంట తిరిగినా ఆయనకున్నది ఆ తోలుచెప్పుల జతే.

"అయితే అవీ ఇటు విడువు."

నాన్న విడిచాడు. బేరగాడు తొడుక్కుని కిర్రుకిర్రుమని నడిచాడు. గొర్రెలన్నీ తలలు వంచుకుని అతని వెంట పోయాయి.

"నాన్నా, చెప్పులు రేపు తిరిగిస్తాడా?" అన్నాను. చెప్పులొస్తే వాటి వెనకే గొర్రెలూ వస్తాయని నా ఆశ.

తర్వాత గుంటూరు వైపు మిరపకోతలకి వలసపోయాం. మునుపైతే అల్లంత దూరాన ఆ చప్పుడు వినగానే అమ్మ కంచం పెట్టేది. ఇక నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డా మాకు తెలిసేది కాదు.