సులైలో మా కుస్తీ కంపెనీ

మొన్న మా మేనల్లుడు పట్టుబట్టి నన్ను రియాద్‌లో జరిగిన పెద్ద కుస్తీ పోటీలకు తీసుకెళ్లాడు. కొత్త మెట్రో దిగి లోపల అడుగుపెట్టానో లేదో, ఆ దీపాలూ, ఆ బాణసంచా, కుస్తీవాడు రాకముందే మోగే వాడి పాటా చూసీ వినీ, అరవైకి దగ్గరపడ్డ సంగతి మరిచిపోయి కుర్చీలోంచి లేచి కేకలు వేశాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. కానీ మన ఈడువాళ్లు కనుక మీతో చెబుతున్నాను, కేకలు వేస్తున్నంతసేపూ నా మనసులో ఒకటే ప్రశ్న. ఎప్పుడో మూతబడిన మా కుస్తీ కంపెనీ ఈ రోజుల్లో ఉంటే వీళ్ల ముందు నిలబడేదా?

కంపెనీ అంటే కాగితాల మీద ఉన్నదేమీ కాదు, మేము సరదాగా పెట్టుకున్న పేరు. రియాద్ శివారు సులైలో మేము పనివాళ్లంతా ఉండే క్యాంపు వెనక, వర్క్‌షాపు గోడ పక్కన, సైటు నుంచి తెచ్చిన ఇసుకను జల్లెడ పట్టి పోసుకున్న గోదా, శుక్రవారం సాయంత్రం ఎండ వాలగానే దాని చుట్టూ చేరే మేము, అంతే. పాకిస్తానీ డ్రైవర్లు, బంగ్లాదేశీ పెయింటర్లు, నిజామాబాదు వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు, ఏసీలు బాగుచేసే నేను. వీపు ఇసుకకు ఆనితే ఓడినట్టు. ఆపైన ఉన్న నియమం ఒక్కటే: గెలిచినవాడు ఓడినవాణ్ణి తన గదికి తీసుకెళ్లి, తన చేత్తో వడ్డించి అన్నం పెట్టాలి. తెల్లారితే అందరూ ఒకే బస్సు ఎక్కాలి కదా, కోపాలు పెట్టుకుని పక్కపక్కన ఎలా కూర్చుంటారు!

మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, మేస్త్రీ పని చేసేవాడు, ఆ గోదాలో ఒక్కనాడూ గెలిచిన పాపాన పోలేదు. ఒళ్లు బక్కపలచన, ఉత్సాహం మాత్రం ఏనుగంత. ఓడి ఓడి అందరి గదుల్లోనూ తిన్నాడు, పంజాబీ రొట్టెలు, బెంగాలీ చేపల పులుసు, అన్నీ. మేము వేళాకోళం చేస్తే నవ్వేసేవాడు కానీ, ఫైనల్ ఎగ్జిట్ పడి, ఇక తిరిగి రాకుండా ఊరికి పోయే వారం వచ్చేసరికి నాతో ఒకే మాట అన్నాడు.

"అందరి రూముల్ల తిన్న తమ్మీ, ఒక్కపారన్న నా చేత్తోని పెట్టకుంట ఎట్ల పోవాలె?"

ఎవరైనా గెలిచాక వండుతారు. ఈయన ఆ చివరి శుక్రవారం ముందుగానే గిన్నెడు మటన్ కూర వండి, బగారన్నం దించి మూతపెట్టి, తొడగొట్టుకుంటూ గోదాలోకి దిగాడు.

ఎదురుగా నిలబడింది ముల్తాన్ నుంచి వచ్చిన ట్రైలర్ డ్రైవర్, మా అందరిలోకీ బలవంతుడు. కూర వాసన క్యాంపంతా పాకింది కనుక సంగతి అతనికీ తెలుసు. జాలిపడి కావాలని ఓడిపోతే ఆ అన్నం తాను వడ్డించనని అన్నయ్య ముందే తెగేసి చెప్పాడు. అబ్బ, ఏం పట్టు పట్టాడండీ ఆ రోజు! కాళ్ల సందున దూరి, అంత మనిషినీ ఎత్తి కుదేస్తే, అతని ఒక భుజం ఇసుకకు ఆనింది, రెండోది బెత్తెడు దూరంలో ఉంది, మేమంతా ఏ భాషలో అరుస్తున్నామో మాకే తెలియదు. అంతలో అతను ఒక్కసారిగా దొర్లాడు. అన్నయ్య వీపు ఇసుకలో పడింది.

డ్రైవర్ అన్నయ్యను లేపి, ఒళ్లు దులిపి, నియమం ప్రకారం చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు, అయితే తన గది వైపు కాదు, అన్నయ్యా నేనూ ఉండే మా గదికే. అక్కడ అన్నయ్య పరుపు మీద తాను దర్జాగా కూర్చుని, "ఆజ్ యహీ మేరా కమరా హై," ఈ పూట ఇదే నా గది అని ప్రకటించి, గిన్నె మూత తీసి, అన్నయ్య వండిన కూరే అన్నయ్యకు వడ్డించాడు. అన్నయ్య ఏడుస్తూ ఒక ముద్ద తిని, రెండో ముద్ద అతని నోట్లో పెట్టాడు. ఆ తరువాత గుమ్మం దగ్గర మూగిన మా అందరికీ అన్నయ్యే తన చేత్తో వడ్డించాడు, చాలన్నా వినకుండా. అంత సంతోషం నేను మళ్లీ ఏ ఆటలోనూ ఎరగను.

తరువాత క్యాంపు ఎత్తేశారు, మనుషులు తలో దిక్కూ అయ్యారు, ఆ చోట ఇప్పుడు సరుకుల షెడ్డు ఉంది. నిజం చెప్పాలంటే ఈనాటి లెక్కన మా కంపెనీకి ఒక్క టికెట్టు కూడా తెగదు. మెట్రోలో తిరిగి వస్తూ మేనల్లుడితోనూ అదే అన్నాను.

మర్నాడు ఊళ్లో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేసి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను, దీపాలు, జనం, ఓడినవాణ్ణి లోపలికి మోసుకుపోయిన తీరు. ఆయన ఓపిగ్గా విని, "అంత మంచిగనే ఉంది గని తమ్మీ, ఆ ఓడినోనికి బువ్వ ఎవడు పెట్టిండు?" అని అడిగాడు.

అది నేను చూడనేలేదు. ఆట అయిపోగానే నేనూ అందరితోపాటు మెట్రో కోసం పరుగెత్తాను.