అత్త చెప్పుల దొంగ

డిగ్రీ చేతికి వచ్చి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో లోకంలోని ప్రతి సంగతీ మనమే తేల్చాల్సిన కేసులా కనిపిస్తుంది. నేనప్పుడు కొత్తగూడెంలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మామయ్యది బొగ్గుగనిలో ఉద్యోగం, ఉండేది కంపెనీ క్వార్టర్. అత్త మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. బైబిలులో ఏ మాట ఎక్కడుందో పేజీ తిప్పకుండా చెప్పేది. పక్క క్వార్టర్ ఆవిడను అందరూ కంజీరమ్మ అనేవాళ్ళు. ఆరాధనలో కంజీర వాయించేది ఆమే (పాట అయిపోయినా ఆమె చెయ్యి ఆగేది కాదు, పాస్టరు అయ్యగారు గట్టిగా దగ్గి ప్రార్థన మొదలుపెట్టేవారు). ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు, ఒకరి కష్టానికి ఇంకొకరు ఉపవాసం ఉండేవాళ్ళు. క్రిస్మస్‌కు ఒకే దుకాణంలో ఒకేలాంటి గోధుమరంగు చెప్పులు కూడా కొనుక్కున్నారు. అత్తవి ఒక సైజు పెద్దవి. గొడవ అక్కడ పుట్టింది.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం, ఆరాధన, దాని వెనక స్త్రీల కూడిక అయిపోయాక, గుడి బయట చెప్పుల కుప్పలో అత్త తన జత వెతికి తొడుక్కోబోయింది. పాదం సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఇవి నావి కావే! కంజీరమ్మ నావి ఏసుకుపోయి ఆమెవి నాకు ఇడిచిపెట్టింది!" అంది. వేళ్ళ మీద కుంటుకుంటూ ఇల్లు చేరింది. తెల్లవారి అవే చెప్పులు హాయిగా పట్టాయి. ఇంకెవరైనా అయితే ఆలోచనలో పడేవాళ్ళు. మా అత్త విశ్వాసి. "చూసినవా? మనస్సాక్షి పొడిచింది. పొద్దుగాలనే గడపల మార్చి పోయింది," అని తేల్చేసింది. మరుసటి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. ప్రతి ఆదివారం పాపం, ప్రతి సోమవారం పశ్చాత్తాపం!

సంగతి కంజీరమ్మ చెవిన పడింది. గోడ అవతలి నుంచి, "నీ చెప్పులు నాకెందుకు వదినా? అండ్ల నా రెండు కాళ్ళూ పడతయ్!" అని అరిచింది. అత్త లోపలికొచ్చి తలుపేసుకుంది. అప్పటి నుంచి చాపలు వేరయ్యాయి. కంజీరమ్మ ఇక పాల్వంచ గుడికే పోతానందని తెలిసిన రోజు అత్త అన్నం ముట్టలేదు. రాబోయే ఆదివారం ప్రభువు బల్ల, అందరూ కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు. కానుక బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు కదా అని నేను గుర్తుచేశాను. "ఆ మాట మనమీద అవతలోళ్ళకు విరోధం ఉంటేనే. ఈడ విరోధం నాకున్నది, ఆమెకు కాదు," అని వాదించింది (నాకూ అప్పుడది బలమైన వాదనగానే తోచింది). బల్ల ముట్టనని మాత్రం ఒట్టేసినట్టు చెప్పింది. ముప్పై ఏళ్ళలో ఆమె బల్ల తప్పింది లేదు.

సాక్ష్యం కావాలనుకున్నాను. బుధవారం సాయంత్రపు కూడికకు ముందు అత్త చెప్పుల అడుగున స్కెచ్ పెన్నుతో చిన్న సిలువ గీశాను. "సిలువను కాలి కింద పెడ్తవా?" అని వీపు మీద ఒక్కటిచ్చింది. తుడిచేసి టిక్కు పెట్టాను. కూడిక అయ్యాక చెప్పులు మళ్ళీ బిగుతు. గబుక్కున తిరగేస్తే నా టిక్కు అక్కడే ఉంది!

"అయితే ఎండకు ముడుచుకపోయినయ్," అంది అత్త, ఓటమి ఒప్పుకోకుండా. ఎండలో చెప్పులు ముడుచుకోవడం, రాత్రికి సాగడం? ఇంటికొచ్చాక మొదటిసారి చెప్పుల సంగతి వదిలి అత్త కాళ్ళవైపు చూశాను. పాదాల మీద చెప్పు పట్టీల గాడి అచ్చుగుద్దినట్టుంది. చీలమండలు కనిపించడం లేదు. బొటనవేలితో నొక్కితే రొట్టెల పిండిలో పడ్డట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ వింతకు ఆగలేక నా కాలు నొక్కి చూశాను, ఏమీ లేదు. నైట్ షిఫ్ట్ కోసం నిద్రపోతున్న మామయ్య కాలు నొక్కాను. "ఏందే? పాదసేవ చెయ్యమని ఎవలు చెప్పిండ్రు?" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు దవాఖానాకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కూడా నాలాగే నొక్కి చూసింది (నాకెంత గర్వమో!). వాపు రెండు కాళ్ళకా ఒక్కదానికా, ఆయాసం వస్తుందా, కొత్తగా ఏ మందులు మొదలయ్యాయని అడిగింది. రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, గుండె, కిడ్నీలు బాగానే ఉన్నాయంది. కొత్త సంవత్సరంలో మొదలైన బీపీ గోళీ కొందరికి ఇలా నీరు తెస్తుందట, ఎండ, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం దాన్ని పెంచాయట. "అయితే బంద్ చేస్త," అంది అత్త. "మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దమ్మా, నేను మార్చి రాస్తా. ఉప్పు, పచ్చళ్ళు తగ్గించండి. మధ్యమధ్యల లేచి నడవండి. పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తుల ఉంచండి. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చెయ్యకుండ రండి," అంది ఆమె. "దేవుని వాక్యం చదువుకుంట కాళ్ళు మీదికి పెట్టుడా?" అని అత్త దారంతా కలత పడింది.

శనివారం సాయంత్రం అత్త కంజీరమ్మ గుమ్మంలో నిలబడింది. గడప మీద కూర్చుని కాలు ముందుకు చాపింది. "నొక్కి చూడు వదినా," అంది.

కంజీరమ్మ అనుమానంగా వంగి నొక్కింది. గుంట పడింది. ఇంకోచోట నొక్కింది, అక్కడా పడింది. "గిదా దొంగ?" అంది.

"అవ్, గిదే."

"మరి నన్నెందుకు అంటివి?"

"నీ చెప్పులే కదా నా పక్కన ఉండేటివి," అంది అత్త. కంజీరమ్మ ముక్కు చీదుకుని, "లే, లోపలికి రా. గడప మీద కాళ్ళు యాలాడేసి కూసుంటే ఇంకా దిగుతది నీరు," అని రెక్క పట్టి లేపింది.

మర్నాడు బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, చాప మీద కాదు, కంజీరమ్మ మోసుకొచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో. పాట పాటకూ ఆమె కంజీర ఆపి, "వదినా, లేచి నాలుగడుగులు ఎయ్," అని గుడంతా వినిపించేలా గుసగుసలాడింది. నేను వెనక కూర్చుని, ఇంత పెద్ద కేసు తేల్చింది నేనేనని అయ్యగారు ప్రకటనల్లో చెబుతారేమోనని ఎదురుచూశాను. చెప్పలేదు. ఆనాటి నేను, ఆ అమ్మాయి, ఆరోజు కాస్త చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు తలుచుకుంటే, ఆమె తల నిమిరి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.