సైరకన్ మింగని మాత్రలు

మా తోడికోడలు సైరకన్‌కు రక్తపోటు ఉందని మంచుకొండల మధ్యనున్న మా అత్‌బాషి లోయలో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ మాత్రం ఆ జబ్బు పక్కింటావిడదైనట్టు తిరిగేది. నర్సు జిపార్‌గుల్ వచ్చి చేతికి పట్టీ చుట్టి చూసినప్పుడల్లా లబోదిబోమనేది.

"అక్కా, రెండొందలు దాటింది! నరం చిట్లి మంచాన పడితే నీ నోట్లో గంజి ఎవరు పోస్తారు?"

"ఆయనొస్తాడుగా," అనేది సైరకన్, మడిచిన చొక్కా చెయ్యి దించుకుంటూ.

ఆయనంటే నా మరిది తొలోముష్. మూడేళ్ళ కిందట, మంచు మొదలవక ముందు, తప్పిపోయిన గుర్రాలను వెతకడానికి కొండెక్కాడు. ఆ గుర్రాలు వాటంతటవే తిరిగొచ్చాయి. అతను రాలేదు, అతనెక్కిన ఎర్రగుర్రమూ రాలేదు. మంచు కరిగాక మగాళ్ళంతా కొండలు గాలించారు. జీను పట్టీ కూడా దొరకలేదు. శవం లేనిదే మాలో వాకిట్లో చావు గుడారం లేవదు, ఆడవాళ్ళు ఏడుపుపాట ఎత్తరు. ఇక సైరకన్ ఏమవుతుంది? ముత్తైదువ కాదు, విధవా కాదు. తలకు ఏ రంగు గుడ్డ కట్టుకోవాలో కూడా తెలియని బతుకు.

మాలో చావు కబురు ఎవరూ ఒంటరిగా వచ్చి చెప్పరు. పెద్దలు నలుగురూ కలిసి వస్తారు. మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని, అప్పుడు చెబుతారు. అందుకే పెద్దల తెల్లటోపీలు నాలుగు కలిసి గుమ్మం వైపు తిరిగాయంటే ఏ ఆడదానికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. సైరకన్ మూడేళ్ళుగా ఆ టోపీలకు భయపడుతూనే వాటికోసం ఎదురుచూసింది. ముసలాళ్ళు నలుగురూ ఏ పెళ్ళికో కలిసి వెళ్తున్నా చాలు, ఆవిడ మొహం జేవురించి, గోడ పట్టుకుని నిలబడేది. ఇక రక్తం పోటెత్తదా మరి?

మేం పాలటీలో ఉప్పేసుకుని తాగుతాం; అది మానమంటే మానేసింది. మాత్రలే మింగేది కాదు. పోయిన చలికాలం దిండు గలీబు ఉతుకుదామని విప్పితే గుప్పెడు మాత్రలు నేల మీద రాలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చస్తావే, సన్నాసిదానా!"

"చావనక్కా. ఇంకా చూడాలిగా ఆయన్ని."

"చూడాలంటే బతికుండాలి. బతకాలంటే ఇది మింగాలి."

సైరకన్ వంగి మాత్రలన్నీ ఏరి పొయ్యిలో పడేసింది.

ఈ వసంతంలో ఆవిడ ఆవు కట్టు తెంపుకుని వెళ్ళి ఊరి పెద్ద కరీప్‌బాయ్ మామ గడ్డివాము సగం మేసేసింది. కొత్తగడ్డి ఇంకా మొలవని రోజులు. ముసలాయన మండిపడి, పంచాయితీ చెప్పడానికి మరో ముగ్గురు పెద్దల్ని వెంటేసుకుని బయలుదేరాడు. ఆవు సంగతైతే ఒకళ్ళను పంపితే సరిపోదూ? కోపంలో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు.

నేను ఆవిడ వంటింట్లో రొట్టెపిండి పిసుకుతున్నాను. సైరకన్ వాకిట్లో పేడ ఎత్తుతోంది. నాలుగు టోపీలు కంచె దాటాయి. సైరకన్ పార వదిలేసి లోపలికొచ్చింది. ఏడుపుపాటకు కూర్చునే తీరున గోడకు మొహం పెట్టి కూర్చుంది. నడుము మీద చేతులు ఆనించి గొంతెత్తింది.

"నీ చేతులు వెచ్చబెట్టేవాళ్ళు లేని చోట ఎలా పడుకున్నావయ్యా, నా ఎర్రగుర్రపు రౌతా..."

"మీ ఆవు..." అంటూ గుమ్మం దాకా వచ్చిన కరీప్‌బాయ్ మామ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఏడుపుపాట ఎత్తాక దాన్ని ఆపే హక్కు మాలో ఏ మగాడికీ లేదు. బయట నిలబడి గొంతు కలపాల్సిందే. ఆయన కర్రను బురదలో గుచ్చి, దానిమీద వాలి, మాలో చిన్నవాళ్ళ కోసం ఏడ్చే తీరులో "తమ్ముడా, నా తమ్ముడా!" అని మొదలెట్టాడు. మిగిలినవాళ్ళూ అందుకున్నారు. మొదట మర్యాద కోసమే. కాసేపటికి ముసలాయన గడ్డం నిజంగానే తడిసిపోయింది. తొలోముష్‌ను మొదటిసారి గుర్రమెక్కించింది ఆయనే. మూడేళ్ళుగా ఆయనకూ ఏడ్చే దారి దొరకలేదు పాపం.

తర్వాత చేతులు కడుక్కుని, రొట్టెముక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు. ఆవు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక ఆవిడకు చెప్పాల్సింది నేనే.

"సైరకన్, వాళ్ళు... మరిది కబురు తేలేదే. ఆవు కోసం వచ్చారు."

"తెలుసక్కా. మామ మొహంలో కోపం చూశాను."

"మరి?"

"కబురు తెచ్చేవాళ్ళు ఇక రారక్కా. వచ్చినవాళ్ళ ముందే ఏడ్చేశాను." మొహం ఎర్రగా ఉంది, కణత మీద నరం కొట్టుకుంటోంది. చెయ్యి చాపింది. "మాత్ర ఇవ్వు."

నా చెవులను నేనే నమ్మలేదు. నర్సు మళ్ళీ ఇచ్చిపోయినవాటిలోంచి ఒకటి తెచ్చి అరచేతిలో పెట్టాను.

"ఇది మింగితే ఎంతసేపటికి ఆగుతుంది, చెవుల్లో ఆ చప్పుడు?"

"ఏం చప్పుడే?"

"పోటెక్కినప్పుడు వినిపిస్తుందిగా. దడ్, దడ్, దడ్... అచ్చం గుర్రం వస్తున్నట్టు. మొదట్లో మాత్ర మింగిన రోజుల్లో అది రాలేదక్కా."

"పొద్దుగూకేసరికి ఆగుతుందేమో," అన్నాను.

"అయితే అప్పటిదాకా నువ్వేం మాట్లాడకు."

నీళ్ళు తాగి మాత్ర మింగింది. గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని, వింటూ కూర్చుంది. పిండి పులిసి గిన్నె దాటి పొంగుతున్నా నేను లేవలేదు. నా జన్మలో నోరు మూసుకుని కూర్చున్న సాయంత్రం అదొక్కటే.