సంతకం పెట్టని వార్త

నిన్న మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరగ్గానే మా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. గోదావరిఖనిలో ఇన్నేళ్లుగా ఉంటున్నదాన్ని, ఉలిక్కిపడటం ఎప్పుడో మానేశాను. పేలుడు రోజూ ఒకే వేళకు కాబట్టి గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని తెలిసి, స్టూలెక్కి ముల్లు సరిచేశాను, అంతే. కానీ నిన్న ఎందుకో మా బావ, అంటే అక్క భర్త, గుర్తొచ్చి స్టూలు మీదే కాసేపు నిలబడిపోయాను. బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా ఒక షిఫ్టు మనుషులందరికీ జవాబుదారీగా పనిచేసి, గడువుకు ముందే ఉద్యోగం వదిలి వారపత్రిక పెట్టిన మహానుభావుడు ఆయన. మా అక్క మాత్రం దాన్ని జబ్బు అనేది. నాలుగు పేజీల ఆ పత్రికలో ఒకటిన్నర పేజీ, ఓపెన్‌కాస్టులో పేల్చి మట్టి తీసే కాంట్రాక్టరు శుభాకాంక్షలే. ఉగాదికి, రంజానుకు, ఆయన సొంత పుట్టినరోజుకు కూడా. ఆ ప్రకటన లేకపోతే పత్రిక అచ్చవదు. అందుకని దుమ్ము గురించీ, పేలుళ్ల గురించీ బావ రాయదలుచుకున్నదంతా పాపం మా అక్క వినాల్సి వచ్చేది.

తెలంగాణ ఇంకా రాని రోజులవి. విదేశీ సాయంతో నడిచే ఒక సంస్థ, ఎవరికీ జంకకుండా రాసే చిన్న పత్రికలను నిలబెడతామంటూ మా దాకా వచ్చింది. ఒక కంప్యూటర్, ఒక కెమెరా, రెండేళ్ల పాటు గది కిరాయి, ఇద్దరికి జీతం. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. కంపోజింగ్ నేర్చుకున్నాను, కెమెరా మెడలో వేసుకున్నాను, వీధిలో నడక కూడా కొంచెం మారిందని అక్క ఎగతాళి చేసేది. శిక్షణకు హైదరాబాదు నుంచి వచ్చిన మేడం, మా ఎండకు తడిగుడ్డ నెత్తిన వేసుకుని మరీ చెప్పింది: ఎవరి మీద రాస్తున్నారో వాళ్ల మాట కూడా తీసుకోవాలని. బావ ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాడు.

మొదటి వార్త గని అంచున ఉన్న ఊరి గురించి. పేలుళ్లకు ఇళ్లన్నీ పగుళ్లిచ్చాయి. ఒక అవ్వ తన గోడ పగులులో అరచెయ్యి పెట్టి చూపించింది. "పక్కింటోళ్ల పొయ్యి గిట్లకెల్లి అగుపడ్తది బిడ్డా. పేపర్ల ఎయ్యుండ్రి, ఎవలన్న సూస్తరు" అంది. నేను ఫోటో తీశాను, బావ రాశాడు, పేజీ సిద్ధమైంది. ఇక్కడే మా బావ బొగ్గుబాయి మనిషి మాత్రమే చేయగల తప్పు చేశాడు. బాయిలో ఒక షిఫ్టు ఓవర్‌మన్ రాసిన రిపోర్టును తరువాతి షిఫ్టులో దిగేవాడు చదివి సంతకం పెట్టాలి. అప్పుడే అది రిపోర్టు. అవతలివాళ్ల మాట తీసుకోవడమంటే ఇదేననుకుని, పేజీ పట్టుకుని నేరుగా కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లి సంతకం అడిగాడు. ఆయన తెల్లారి పెట్టి పంపుతానన్నాడట. "మంచోడే పిల్లా, చాయ్ గూడ తాపిండు" అంటూ బావ సంబరంగా తిరిగొచ్చాడు.

తెల్లారేసరికి ఊళ్లో తాపీమేస్త్రీలు దిగారు. సాయంత్రానికి ప్రతి గోడా సిమెంటు పూసుకుని, సున్నం కొట్టుకుని పెళ్లింటిలా తయారైంది. కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "పగుళ్లేడున్నయన్నా? అబద్ధం రాస్తే కోర్టుకు పోత. ప్రకటన సంగతి గూడ జర సోంచాయించు."

ఆ రోజు బావ అన్నం ముట్టలేదు. "ముసలామె నమ్మి సూపిచ్చె. నేనే పోయి అప్పజెప్పొస్తి" అని పదే పదే అన్నాడు. నేను మళ్లీ అవ్వ దగ్గరికి వెళ్లాను. కొత్త గోడ ముందు కూర్చుని ఉంది. "సున్నం మంచిగనే ఏసిండ్రు. గానీ రేపు మల్ల పేలుస్తరు గద? పేపర్ల ఎయ్యరా ఇగ?" అని అడిగింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ గోడకు ఇంకో ఫోటో తీసుకుని వచ్చి, అవ్వ మాట బావకు చెప్పాను.

బావ వార్త మొత్తం తిరగరాశాడు. ముందు పగులు, తర్వాత తాను పేజీ తీసుకెళ్లి ఇచ్చిన తెలివితక్కువతనం, ఆ తర్వాత సున్నం. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టించి, కింద ఖాళీ గడి గీయించాడు. "సంతకం అడిగాం, రాలేదు" అని అందులో ఒకే వాక్యం. షిఫ్టు దిగినవాళ్లు క్యాంటీన్‌లో ఆ పేజీని పైకి చదువుకుంటూ, బావ తప్పు దగ్గర నవ్వి, గడి దగ్గర నవ్వు ఆపేశారట. వారంలో అధికారులు ఊరికొచ్చి, పేలుడు మందు తగ్గించి వాడాలని కట్టడి చేశారు. ప్రకటన మాత్రం మళ్లీ రాలేదు. రెండేళ్లు ఆ సాయంతోనే నడిచి, సాయంతో పాటే పత్రిక ఆగిపోయింది. తెలంగాణ వచ్చిన రోజు ఆ కబురు అచ్చువేయడానికి బావ చేతిలో పత్రిక లేదు. ఆ రోజంతా ఊరు వీధుల్లో ఆడిపాడుతుంటే ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు, నాకు ఏడుపొచ్చింది.

మా వార్త అచ్చయ్యాక వచ్చిన వానలకే ఆ గోడ మళ్లీ పగిలితే, అవ్వ మా పేజీని అన్నం మెతుకులతో ఆ పగులు మీద అతికించుకుంది. ఇప్పుడు అవ్వ లేదు, బావ లేడు, ఊరు కూడా గనిలో కలిసిపోయింది. ఆ సంస్థవాళ్ల కాగితాల్లో అది రెండేళ్ల సాయం. ఇంత బతుకు బతికాక వెనక్కి చూస్తే, అన్నిటికన్నా పొడుగ్గా కనిపించేవి నాకు ఆ రెండేళ్లే.