మిద్దె మీది రెండో వైరు

పోచంపల్లిలో ఇళ్లకు ఇంటర్నెట్ వైర్లు లాగే రోజుల్లో నాకంటే పనిమంతుడు లేడని నాకు మహా పొగరు. ఆ పొగరుతోనే ఒక దొంగపని చేశాను. మా అక్కవాళ్ల వెనక గదిలో ఒకాయన కిరాయికి దిగాడు. పాపం, అతనికీ ఇవ్వరా అని అక్క అడిగింది. బావ పేరు మీదున్న కనెక్షన్ నుంచే మిద్దె మీదుగా ఇంకో వైరు లాగి ఇచ్చాను. ఆఫీసులో చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఊడేది.

ఒకరోజు పొద్దున్నే పోలీసుల నుంచి మా ఆఫీసుకు కాగితం వచ్చింది. ఎవరో ఆన్‌లైన్‌లో మత్తు మాత్రలు అమ్ముతున్నారట, ఆ కనెక్షన్ ఎవరిదో చెప్పమన్నారు. మా ఓనరు కంప్యూటర్లో వెతికి పేరు పైకి చదివాడు. బావ పేరు! ఫోన్లో చీరల డిజైన్లు చూడటం తప్ప ఇంకేమీ తెలియని మనిషి. ఓనరు వివరాలు పంపేశాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి ఒకటే ఏడుపు. బావను మగ్గం మీది నుంచి లేపి, కాళ్లకు చెప్పులైనా తొడుక్కోనివ్వకుండా స్టేషన్‌కు తీసుకుపోయారట. ఇక ఉండబట్టలేదు. పోతే పోనీ అనుకుని ఓనరుకు అంతా చెప్పేశాను. ఆయన తిట్టని తిట్టు లేదు. తిడుతూనే బండి తీసి, నన్ను వెనక ఎక్కించుకున్నాడు.

ఎస్సై ముందు మళ్లీ అదంతా చెప్పుకున్నాను. పోలీసులను మిద్దె ఎక్కించి వైరు చూపించాను. అది దిగిన గదిలో, మంచం కింద, మాత్రల డబ్బాలు దొరికాయి. కిరాయికి ఉన్నాయన అక్కడే ఒప్పుకున్నాడు. హమ్మయ్య! నాకు ప్రాణం లేచొచ్చింది. ఓనరు కూడా కరిగి, ఆ వైరు నా చేతనే కోయించి, రేపు టైముకు పనికి రమ్మన్నాడు.

సాయంత్రం బావను పంపిస్తూ ఎస్సై నాతో అన్నాడు, "ఇంకెవరన్న వాడుతున్నరా అని పదిసార్లు అడిగినం. నేనొక్కన్నే అంటడు."

బయటికి రాగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆ వైరు సంగతి నీకు తెల్సు గద బావా. ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీ నౌకరి పోతది గదరా," అన్నాడు.

నా చెప్పులు విడిచి ఆయన కాళ్ల ముందు పెట్టాను. అవి ఆయనకు పెద్దవయ్యాయి. అయినా తొడుక్కుని, మగ్గం అట్లాగే వదిలేసి వచ్చానంటూ ఇంటికి తొందరపెట్టాడు.